మత్లాకే వాహ్ వాహ్

ముషాయిరాకి వెళ్ళే అలవాటున్నవాళ్ళకి ఈ సంగతి తెలుసు. రాత్రి పదకొండు దాటాక ఎవరో కొత్త కుర్రాడు మైకు ముందుకొస్తాడు. పేరు ఎవరూ విని ఉండరు. షేర్వానీ అరువు తెచ్చుకున్నట్టు భుజాల దగ్గర వదులుగా ఉంటుంది. గొంతు సవరించుకుని మత్లా చదువుతాడు. మత్లా అంటే గజల్‌లో మొదటి షేర్. మహఫిల్ ఒక్క క్షణం ఆగిపోతుంది. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఎవరో "వాహ్ మియా!" అంటాడు. అంతే, షామియానా మొత్తం లేస్తుంది. ఆ గజల్ చివరిదాకా అలాగే సాగుతుందని గ్యారంటీ లేదు. మూడో షేర్ దగ్గరే జారిపోవచ్చు. అయినా మనం ఆగం. దాద్ ఇచ్చేస్తాం.

ఫుట్‌బాల్ పిచ్చోళ్ళదీ ఇదే కథ. 2023 ఆగస్టులో మా ఇంట్లో నేను చూసింది అదే.

మావాడు అప్పుడు ఇంటర్ ఫస్టియర్. చేసేది ఎంపీసీ, బతికేది రియల్ మాడ్రిడ్ కోసం. ఆ వేసవంతా వాడి ముఖం మబ్బు పట్టినట్టే ఉంది. కారణం కరీమ్ బెంజెమా. ఆ క్లబ్బుకి 354 గోల్స్ కొట్టినవాడు జూన్‌లో జెద్దాలోని అల్ ఇత్తిహాద్‌కి వెళ్ళిపోయాడు. మా అమ్మీకి ఆ సంగతి చెబితే "జెద్దా గయా తో అచ్ఛా హీ హై నా బేటా" అంది. మావాడికి అది ఓదార్పు కాలేదు. అది చాలదన్నట్టు లీగ్ మొదలయ్యే ముందు గోల్‌కీపర్ కుర్త్వా మోకాలు పోయింది. మొదటి మ్యాచ్‌లోనే డిఫెండర్ మిలిటావో మోకాలూ పోయింది. ఇద్దరిదీ ఒకే రకం గాయం. నెలల తరబడి ఆట ఉండదు.

అలాంటి రోజుల్లో వచ్చాడు జూడ్ బెల్లింగ్‌హామ్. ఇంగ్లండ్ కుర్రాడు. జర్మనీలో బొరుస్సియా డార్ట్‌మండ్‌కి ఆడుతుంటే 10 కోట్ల 30 లక్షల యూరోలు పెట్టి తెచ్చుకున్నారు. జూన్ 29కి 20 ఏళ్ళు నిండాయి. ఆడే చోటు మిడ్‌ఫీల్డ్. అంటే గోల్స్ కొట్టడం కన్నా కొట్టేవాళ్ళకి దారి వెయ్యడం అతని పని. ఇచ్చిన జెర్సీ నంబరు 5. అది జినెదిన్ జిదాన్ ఆ క్లబ్బులో వేసుకున్న నంబరు. జిదాన్ పేరు మన ఇళ్ళల్లో ఫుట్‌బాల్ తెలియనివాళ్ళకి కూడా తెలుసు కాబట్టి ఆ నంబరు బరువెంతో నేను విడిగా చెప్పక్కర్లేదు.

మొదటి మ్యాచ్ ఆగస్టు 12న బిల్బావోలో. మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంట. మావాడు దుప్పటి కింద ఫోను పెట్టుకుని, చెవిలో ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూస్తున్నాడు. 36వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని బెల్లింగ్‌హామ్ నేరుగా కాలితో తన్నాడు. అది నేలకి కొట్టుకుని, ఎగిరి, గోల్‌కీపర్‌ని దాటి లోపల పడింది. మావాడి గొంతులోంచి వచ్చిన అరుపుకి పక్కగదిలో అమ్మీ లేచి కూర్చుంది. "తహజ్జుద్ కే లియే ఉఠా క్యా బేటా?" అని అడిగింది. వాడు అబద్ధమూ చెప్పలేక, నిజమూ చెప్పలేక "జీ దాదీ, సో జావో" అన్నాడు.

ఆ తర్వాత వారం అల్మేరియాలో రెండు గోల్స్ కొట్టాడు. వినీసియస్ కొట్టిన మూడోదానికి బంతి అందించిందీ అతనే. ఆ తర్వాత ఆరు రోజులకి సెల్టా మీద. 81వ నిమిషంలో తలతో కొట్టిన ఆ ఒక్క గోలే మ్యాచ్‌ని గెలిపించింది. సెప్టెంబర్ 2న సొంత మైదానం బెర్నబ్యూలో మొదటిసారి ఆడాడు. గెటాఫే జట్టు డ్రా చేసుకుని వెళ్ళిపోయేలా ఉంది. 95వ నిమిషంలో గోల్‌కీపర్ చేతిలోంచి జారిన బంతి దగ్గరికి అందరికన్నా ముందు చేరుకున్నాడు. నాలుగు మ్యాచ్‌లు, ఐదు గోల్స్. స్టేడియంలో జనం 'హే జూడ్' పాట అందుకున్నారు. బీటిల్స్ వాళ్ళ పాట అది, 1968 నాటిది. అతను పుట్టడానికి ముప్ఫై అయిదేళ్ళ ముందే అతని పేరుతో పాట తయారుగా ఉందన్నమాట. అభిమానులకి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ ఆదివారం దస్తర్‌ఖాన్ మీద మావాడు నాకు క్లాసు తీసుకున్నాడు. నాలుగు స్పూన్లు పతంగి ఆకారంలో పెట్టాడు. "అబ్బూ, బెంజెమా పోయాక నడి మధ్యలో నిలబడే స్ట్రైకర్ లేడు కదా. అందుకని కోచ్ ఆంచెలొట్టి మిడ్‌ఫీల్డ్‌ని ఇట్లా పతంగిలా చేసిండు. బెల్లింగ్‌హామ్ పై మూల. వినీసియస్, రోడ్రిగో ఇద్దరూ ఇటొకరు అటొకరు పక్కలకి పోతారు. డిఫెండర్లు వాళ్ళ వెనకాల పోతారు. మధ్యలో జాగా ఖాళీ. ఎవరూ చూడనప్పుడు ఇతను వెనక నుంచి ఆ ఖాళీలోకి వస్తాడు." నిమ్మకాయ ముక్కని బంతి చేసి చూపించాడు. బగారా అన్నం చల్లారిపోతోందని మా బేగం గదమాయించేదాకా ఆ ముక్క స్పూన్ల మధ్య తిరుగుతూనే ఉంది. ఇరవై ఏళ్ళుగా వార్తాపత్రికలో పనిచేస్తున్నాను. ఇంత తేటగా ఒక ఆటని విప్పి చెప్పిన కాపీ నా టేబుల్ మీదకి ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా మొహల్లాలో పిల్లలంతా అదే రంధి. గోల్ కొట్టాక బెల్లింగ్‌హామ్ రెండు చేతులూ చాచి, తల కొంచెం ఎత్తి, కదలకుండా నిలబడతాడు. మా గల్లీలో కరెంటు స్తంభానికీ పార్క్ చేసిన ఆటోకీ మధ్య ఆడేవాళ్ళు కూడా గోల్ కొట్టాక అలాగే నిలబడటం మొదలుపెట్టారు. కొట్టనివాళ్ళు కూడా నిలబడ్డారు. ఒకరోజు పాల ప్యాకెట్ తెచ్చి ఇచ్చాక మావాడు గుమ్మంలో అలా నిలబడితే వాళ్ళమ్మ "బస్ కరో" అని నవ్వింది.

పెద్దవాళ్ళకి ఇది నచ్చదు. మన దగ్గర పాడైన ఆరంభానికి సామెతలు తయారుగా ఉన్నాయి. తెలుగులో "ఆదిలోనే హంసపాదు" అంటాం, ఉర్దూలో "బిస్మిల్లా హీ గలత్" అంటాం. మంచి ఆరంభానికి మాత్రం మన దగ్గర ఉన్నది భయం. "నజర్ లగేగీ", "ఇప్పుడే ఏం చూశారు", "ఆగండి, ముందుంది". మా ఆఫీసులో స్పోర్ట్స్ డెస్క్ మిత్రుడు కూడా అదే అన్నాడు. నాలుగు మ్యాచ్‌లతో ఆటగాణ్ణి తూకం వెయ్యకూడదు, మిడ్‌ఫీల్డర్ కొట్టే గోల్స్ వానాకాలం చెరువులాంటివి, ఎండిపోతాయి అన్నాడు. లెక్క ప్రకారం అతని మాట కరెక్టే. కానీ మావాడి ఖుషీ లెక్కల్లోంచి రాలేదు. బెంజెమా వెళ్ళిపోయిన గుబులు, రెండు మోకాళ్ళ గుబులు, వాటన్నిటి మీదుగా వచ్చింది. ఎండలో నడిచొచ్చినవాడు మొదటి గుక్క నీళ్ళు తాగి "ఆహా" అంటాడు. కుండ నిండా నీళ్ళున్నాయో లేదో చూసుకుని అనడు.

అదే వారంలో ఇంకో సంగతి జరిగింది. ఆగస్టు 15న, బిల్బావో గోల్ పడిన మూడో రోజు, మన హైదరాబాద్‌లో ముహమ్మద్ హబీబ్ సాబ్ ఇంతికాల్ చేశారు. 74 ఏళ్ళు. మావాడు ఫోన్లో చూసి "అబ్బూ, ఈయన కూడా మిడ్‌ఫీల్డరే అంట, మన హైదరాబాదంట, ఎవరు?" అని అడిగాడు. పేపరువాణ్ణి కదా, ఆ రాత్రి చాలాసేపు చెప్పాను.

1966లో 17 ఏళ్ళ హైదరాబాదీ కుర్రాడు కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకున్నాడు. ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే ఊరు రెండుగా చీలిపోయే వ్యవహారం. అలాంటి చోట ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడి, మూడింటి అభిమానుల చేతా 'బడే మియా' అని పిలిపించుకున్నాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌కి పెలే తన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో వచ్చినప్పుడు మ్యాచ్ 2-2 అయింది. మోహన్ బగాన్ కొట్టిన ఆ రెండింటిలో ఒకటి హబీబ్ సాబ్‌ది.

మావాడు కాసేపు ఊరుకుని "మరి ఇక్కడెవరూ ఎందుకు చెప్పరు?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు పెద్దది. ఒకప్పుడు ఇక్కడ చెప్పేవాళ్ళు, చూసేవాళ్ళు ఉండేవాళ్ళు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత్ 1951 ఢిల్లీలో, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టుల్లో హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల కుర్రాళ్ళు చాలామంది. అమ్ముగూడ నుంచి వెళ్ళిన తులసీదాస్ బలరామ్ వాళ్ళలో ఒకరు. ఆయన కూడా ఆ 2023లోనే ఫిబ్రవరిలో పోయారు. రహీమ్ సాబ్ మీద 'మైదాన్' సినిమా 2024లో వచ్చాకే చాలామందికి ఆయన మనవాడని తెలిసింది.

ఈ కథంతా చెప్పి పాత వైభవానికి మర్సియా చదవడం నా ఉద్దేశం కాదు. నాకు అప్పుడు తట్టింది వేరే. ఆట ఎవరికైనా రావచ్చు. ఆరంభాన్ని చూసేవాళ్ళు దొరకడమే నసీబ్. హబీబ్ సాబ్‌కి కలకత్తా దొరికింది. బెల్లింగ్‌హామ్‌కి ముందు బర్మింగ్‌హామ్ దొరికింది.

ఆ కుర్రాడి నాన్న పోలీసు సార్జెంట్. మన సిటీ పోలీసు ఆటగాళ్ళలాగే డ్యూటీ చేసుకుంటూ చిన్న చిన్న లీగుల్లో గోల్స్ మీద గోల్స్ కొట్టినవాడు. కొడుకు 2019 ఆగస్టులో, 16 ఏళ్ళ 38 రోజుల వయసులో, బర్మింగ్‌హామ్ సిటీ పెద్దల జట్టుకి ఆడాడు. ఆ క్లబ్బు చరిత్రలో అంత చిన్నవాడు అంతకుముందు ఆడలేదు. ఒక్క సీజన్ ఆడి డార్ట్‌మండ్‌కి వెళ్ళిపోతే, క్లబ్బు వాళ్ళు అతని 22 నంబర్ని ఇంకెవరికీ ఇవ్వబోమని ప్రకటించారు. అప్పుడు లోకమంతా నవ్వింది. పదిహేడేళ్ళ పిల్లాడికి ఇంత మర్యాదా అని. మూడేళ్ళ తర్వాత ఎవరూ నవ్వలేదు. నిజానికి ఆ తర్వాత అతను ఏమీ కాకపోయినా వాళ్ళు చేసిన పనిలో తప్పేమీ ఉండేది కాదని నా నమ్మకం. వాళ్ళు మత్లాకి దాద్ ఇచ్చారు. అది అప్పటికి నిజమైన దాద్.

దాద్ గురించి ఇంత మాట్లాడటానికి నాకో సొంత కారణం ఉంది. పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. తర్వాత పంతం పట్టి తెలుగులో డిగ్రీ చేశాను. మొదటి ఏడాది నా రాతలో ణకి న, ళకి ల పడుతూ ఉండేవి. ఒకసారి క్లాసులో మా ఊరి సంత గురించి వ్యాసం రాయమన్నారు. మా లెక్చరర్ నా కాగితంలోంచి ఒక పేరా పైకి చదివారు. మెచ్చుకోలేదు, తప్పులూ చెప్పలేదు. కాగితం తిరగేసి "తర్వాత? ఇక్కడెందుకు ఆపావు?" అన్నారు. ముషాయిరాలో "ఇర్షాద్" అంటాం చూడండి, ఆ మాటకి తెలుగు అదేనని నాకు ఆ రోజు తెలిసింది. ఆ "తర్వాత?" కోసం ఆ రాత్రి ఇంకో రెండు పేజీలు రాశాను.

కొన్నేళ్ళకి నా పేరుతో మొదటి కథనం పేపర్లో వచ్చింది. ఒక పెద్దమనిషి నన్ను చూసి "అరే, మీ తెలుగు బాగుందే!" అన్నాడు. ఆ చివరి 'ఏ' లో ఉన్న ఆశ్చర్యం ఈ బ్లాగు చదివే చాలామందికి నేను వివరించక్కర్లేదు. అదీ మెచ్చుకోలే. కానీ మొదటిది నన్ను ముందుకు రమ్మంది, రెండోది నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి చూసింది.

స్టేడియంలోనూ ఈ రెండు రకాలూ ఉంటాయి. బెల్లింగ్‌హామ్ రావడానికి కొన్ని వారాల ముందే, 2023 మే 21న, అదే మాడ్రిడ్ జెర్సీ వేసుకున్న వినీసియస్‌ని వాలెన్సియా మైదానంలో జనం రంగు చూసి తిట్టారు. 2021 జులైలో యూరో ఫైనల్లో ఇంగ్లండ్ ఓడిపోతే, పెనాల్టీలు తప్పిన ముగ్గురు నల్ల కుర్రాళ్ళని రాత్రికి రాత్రే పరాయివాళ్ళని చేశారు. 18 ఏళ్ళ బెల్లింగ్‌హామ్ అప్పుడు ఆ జట్టులోనే ఉన్నాడు, ఆ రాత్రిని దగ్గరి నుంచి చూసినవాడు. గోల్ పడినప్పుడు మనవాడు, పడనప్పుడు ఎవరివాడో అనే ప్రేమ ఎలా ఉంటుందో అతనికి మాడ్రిడ్ వచ్చేనాటికే తెలిసి ఉండాలి. అందుకే అతను చేతులు చాచి నిలబడ్డప్పుడల్లా నాకు కొంచెం కంగారుగా ఉండేది.

ఆ సీజన్ మాత్రం కంగారుకి చోటివ్వలేదు. అక్టోబర్ 28న బార్సిలోనాతో మ్యాచ్. మనకి రాత్రి పావు తక్కువ ఎనిమిదికి మొదలు. మా మసీదులో ఇషా జమాత్‌కి వచ్చిన కుర్రాళ్ళు సలాం తిప్పగానే చెప్పుల కోసం పరుగెత్తడం చూసి ఇమాం సాబ్ కూడా నవ్వారు. బార్సిలోనా ముందు గోల్ కొట్టింది. 68వ నిమిషంలో బెల్లింగ్‌హామ్ దూరం నుంచి కొట్టి సమం చేశాడు, 92వ నిమిషంలో గెలిపించాడు. దానితో 13 మ్యాచ్‌ల్లో 13 గోల్స్. వచ్చే జూన్ 1న వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్ కప్పు కూడా ఎత్తాడు. ఓడిపోయింది అతని పాత జట్టు డార్ట్‌మండే.

అసలు పరీక్ష రెండో ఏడాది వచ్చింది. కిలియన్ ఎంబాపే వచ్చాడు. పతంగి పై మూలలో ఉన్న ఆ ఖాళీలోకి ఇప్పుడు అతను పరుగెత్తుతాడు. టోనీ క్రూస్ రిటైరయ్యాడు, ఆ పనిలో కొంత బెల్లింగ్‌హామ్ మీద పడింది. ఆగస్టు పోయింది, సెప్టెంబర్, అక్టోబర్ పోయాయి. ఒక్క గోల్ లేదు. నవంబర్ 9న ఒసాసునా మీద కొట్టేదాకా లేదు. కరెంటు స్తంభం దగ్గర చేతులు చాచేవాళ్ళు తగ్గిపోయారు. క్లాసులో పిల్లలు "క్యా మియా, తేరా హీరో సో గయా క్యా" అని మావాణ్ణి ఏడిపించేవాళ్ళు. నేనూ ఓ రాత్రి వాడి పక్కన కూర్చుని, "ఏమైంది మీవాడికి?" అని అడిగాను.

"ఏం కాలేదబ్బూ" అన్నాడు స్క్రీన్ మీంచి కళ్ళు తియ్యకుండా. "బంతిని చూడకండి. ఆయన్ని చూడండి. ఇప్పుడు వెనక్కి ఉరికిండు చూడండి, ఆ ఎడమ పక్క ఎవరూ లేరు, ఆయనే కాపలా కాస్తుండు. నిరుడు ఆయనకి చేసిన ఖాళీ ఈసారి ఎంబాపేకి చేస్తుండు."

చూశాను. నిజమే. నలభై గజాలు వెనక్కి పరుగెత్తి, ఎదుటివాడి కాళ్ళ దగ్గర బంతి తీసి, తన పక్కవాడికి ఇచ్చి మళ్ళీ ముందుకి కదిలాడు. స్టేడియంలో ఎవరూ పాట అందుకోలేదు. మావాడు ఒక్కడే మెల్లగా "వాహ్" అన్నాడు. దుప్పటి కింద అరిచిన పిల్లాడు ఏడాదిలో ఇంత దూరం వచ్చాడు. ఆ మొదటి నాలుగు మ్యాచ్‌ల పిచ్చి లేకపోతే ఈ చూపు వచ్చేది కాదు. ముందు ఇష్క్, తర్వాతే సమఝ్. మావాణ్ణి మొదట్లోనే "ఆగు, ఇంకా చూద్దాం" అని అదుపులో పెట్టి ఉంటే, వాడు ఆ ఐదు గోల్స్‌నీ చూసేవాడు కాదు, గోల్ లేని ఈ పరుగునీ చూసేవాడు కాదు.

మన ఇళ్ళల్లో కూడా ఇప్పుడు ఎందరో మొదలుపెడుతున్నారు. ఎవరి కూతురో మొదటి ఉద్యోగంలో మొదటి నెల చేస్తోంది. ఎవరి కొడుకో ఉర్దూ మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియం కాలేజీకి వెళ్ళి ముందు బెంచీలో కూర్చున్నాడు. బార్కస్‌లో సాయంత్రం అస్ర్ తర్వాత వెళ్ళి చూడండి, ఆ మట్టి మైదానాల్లో పదమూడేళ్ళ పిల్లలు వట్టి కాళ్ళతో బంతిని ఎంత ముద్దుగా ఆపుతారో. అక్కడి అరబ్బు కుటుంబాలు తరాలుగా ఫుట్‌బాల్‌ని వదలలేదు. మాడ్రిడ్ కుర్రాడి పేరు వీపు మీద రాసుకున్న ఆ పిల్లల ఆరంభాన్ని చూసేవాళ్ళు మాత్రం గోడ మీద కూర్చున్న నలుగురైదుగురే.

మొన్న శుక్రవారం మావాడు, నేను అక్కడికి వెళ్ళాం. బక్కపలచటి పిల్లాడొకడు నడిమధ్యలో ఆడుతున్నాడు. ఇద్దరిని దాటించి, తలెత్తి చూసి, కుడి పక్కన ఖాళీలోకి బంతి వేశాడు. అందుకోవాల్సినవాడు చేరుకోలేకపోయాడు, బంతి గోడకి తగిలింది. పిల్లాడు నిరాశగా తల దించుకున్నాడు. గోడ మీద నుంచి మావాడు లేచి నిలబడి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు: "ఇర్షాద్ మియా, ఇర్షాద్! ఔర్ ఏక్!"

పిల్లాడు ఎవరా అని మా వైపు తిరిగి చూశాడు. అప్పటికే బంతి మళ్ళీ అతని కాళ్ళ దగ్గరికి వస్తోంది.